మైకులో తీసేసిన నమాజు

మా అమ్మకి 'శ' పలకదు. ఆవిడకే కాదు, కళింగపట్నం వైపు పుట్టి పెరిగిన ఆ వయసు ఆడవాళ్ళు చాలామందికి పలకదు. శంఖం సంకమే, దోశ దోసే, చెప్పు సెప్పే, చూడు సూడే. ఆ నోటితోనే అమ్మ ఖురాన్ నేర్చుకుంది. ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకి వాళ్ళత్తగారు చెప్పింది. ఎవరూ బడి గడప తొక్కినవాళ్ళు కాదు. నాకూ అంతే. అరబ్బీ అమ్మ దగ్గర, తెలుగు అక్షరాలు మా అబ్బా, అంటే నాన్న, సైకిలు షాపులో పాత పేపర్ల మీద. ఆయన గ్రీజు వేలు ఆనిన అక్షరమల్లా నల్లగా మరక పడేది, ఆ మరక మీదే నేను చదివేదాన్ని. అలా చదువు అబ్బించిన దేవుడికి నేను ఈ రోజుకీ రుణపడే ఉన్నాను.

అమ్మ నోట ఎప్పుడూ ఆడే మాట ఒకటుండేది. సుక్రు. కృతజ్ఞత అన్నమాట. అన్నం వార్చగానే సుక్రు, వాన వెలిస్తే సుక్రు, కాలికి ముల్లు గుచ్చుకుని కంటికి గుచ్చుకోనందుకు సుక్రు. మా అరుగు మీద చదువుకోడానికి వచ్చే పిల్లలందరికీ ఆవిడ ఒక సంగతి చెప్పేది: "మన జుమ్మా రోజుని ఊరందరూ సుక్కురోరం అని ఎందుకంటారో తెలుసునా? సుక్రు సెప్పుకునే వారం గనక." పిల్లలు నమ్మేవారు. నేనూ నమ్మాను. పక్కింటి చేపలమ్మే అప్ప "ఈ సుక్కురోరం చేపలు తేను, పూజ ఉన్నాది" అంటే, మన మాటని వాళ్ళు కూడా ఎంత గౌరవంగా వాడుతున్నారో కదా అనుకునేదాన్ని. శుక్రవారం వేరని, శుక్రుడనే గ్రహం ఉందని పెద్దయ్యాక తెలిసింది. అమ్మకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనబడలేదు.

మా విజయనగరం నుంచి ఎస్.కోట వెళ్ళే రోడ్డు మీద, మామిడి తోటలు మొదలయ్యే చోట, మా వాళ్ళందరూ కలిసి ఆడపిల్లలకి అరబ్బీ కాలేజీ కట్టారు. హాస్టలుతో సహా. బొబ్బిలి, రాజాం, పార్వతీపురం నుంచి, ఒడిశా రాయగడ నుంచి కూడా పిల్లలు వచ్చారు. కమిటీకి పెద్ద, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టైర్ల కొట్టున్న భాయ్. చిన్నప్పుడు ఆయన మా అరుగు మీదే అలిఫ్, బే దిద్దుకున్నాడు. కాలేజీ తెరిచేటప్పుడు ఇంటికొచ్చి, "పిన్నీ, చిన్న క్లాసుకి నువ్వే రావాల" అని అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అమ్మ నవ్వి, "నా మోకాళ్ళు రావు బాబూ. దీన్ని తీస్కెల్లు" అని నన్ను చూపించింది. ఏ కాలేజీ మొహమూ చూడనిదాన్ని కాలేజీలో టీచర్నయ్యాను. అప్పటికి నా భర్త పోయి కొన్నాళ్ళయింది. పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఒక చోటు దొరకడం ఎంత పెద్ద విషయమో ఒంటరి ఆడదానికి తెలుస్తుంది.

కాలేజీని నడపడానికి పై జిల్లాల నుంచి ఒక పెద్ద ఆలింని, అంటే మతపండితుణ్ణి, పిలిపించారు. గొప్పగా చదువుకున్నాయన. నాజిం సాబు అనేవాళ్ళం. మగవాళ్ళు ఆడపిల్లల ఎదటికి రాకూడదు కనక ఆఫీసు గదిలో తెర వెనక మైకు పెట్టుకుని పాఠం చెప్పేవాడు. ప్రతి క్లాసులోనూ గోడకి ఒక స్పీకరు పెట్టె. పిల్లలు ఆ పెట్టె వైపు తిరిగి కూర్చుని వినేవాళ్ళు. ఆయన పని చెయ్యలేదని నేను అనను. లారీ డ్రైవరు కూతురొకతి నాలుగేళ్ళలో ఖురాన్‌కి అర్థం విడమరిచి చెప్పే స్థాయికి వచ్చిందంటే అది ఆయన చలవే. గొంతు కూడా అంత బాగుండేది. ఆ గొంతు విని ఏడ్చిన రోజులు నాకున్నాయి.

తరవాత ఒక్కొక్కటే మారింది. గేటు లోపల తెలుగు మాట వినబడకూడదు, ఉర్దూలోనే మాట్లాడాలన్నారు. మెట్టు తగిలి బొటనవేలు చితికిన పిల్ల "ఓలమ్మా" అంటే, అన్నాలవేళంతా ఆ పిల్లని ఎండలో నిలబెట్టారు. వేలికి కట్టు కట్టింది మాత్రం నిలబెట్టాకే. ఆయన అల్లుణ్ణి తెచ్చి తన కింద పదవిలో కూర్చోబెట్టాడు. భార్యని హాస్టలుకి పెద్ద చేశాడు, ఆవిణ్ణి పెద్దాపా అని పిలవాలన్నారు. ఒక రోజు టైర్ల భాయ్ వచ్చేసరికి గేటుకి కొత్త తాళం ఉంది, ఆయన దగ్గరున్న తాళంచెవి పట్టలేదు. తను దగ్గరుండి ఇటుక పేర్పించిన గేటు ముందు నిలబడి కారు హారన్ కొట్టాడు. వాచ్‌మన్ లోపలినుంచి, "నాజిం సాబుని అడిగొస్తానుండండి" అని వెళ్ళి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి ఊళ్ళో ముసల్మానులు రెండు ముక్కలు. నాజిం మనుషులు, కమిటీ మనుషులు. ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళడం మానేశారు.

అలాంటి రోజుల్లో కాలేజీ వార్షిక సభ వచ్చింది. జిల్లా ఆడవాళ్ళందర్నీ పిలిచారు. పెద్ద హాలులో ఆడవాళ్ళు, గోడకి పెట్టె, ఆఫీసులో ఆయన. మా అమ్మని నేనే ఆటోలో తీసుకెళ్ళాను. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఎంతమందో ఆ హాలులో. లేచి లేచి సలాం చేస్తున్నారు. పెద్దాపా చూసి, "చివర్లో దుఆ ఈవిడ చేస్తారు" అని మైకు అమ్మ చేతికిచ్చింది. సభ ముగింపు ప్రార్థన చెయ్యమనడం గౌరవమనుకున్నాను.

అమ్మ మైకుని రెండు చేతుల్తో పట్టుకుంది. "యా అల్లా, నీకు సుక్రు. ఇంతమంది ఆడగుంటల్ని ఒక కప్పు కింద కూకోబెట్టినావు, లచ్చ సుక్రులు" అంది.

పెట్టెలోంచి ఆయన గొంతు వచ్చింది. "అమ్మా, ఆ మాట మళ్ళీ చెప్పండి."

అమ్మ సంతోషపడింది. పెద్ద మనిషి అడిగాడు కదా. "సుక్రు" అంది.

"ఇంకొకసారి. గట్టిగా."

"సుక్రు బాబూ!"

పెద్ద క్లాసు పిల్లలు పమిటలు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. వాళ్ళకి అర్థమైపోయింది. నాకూ అప్పుడే అర్థమైంది, ఏం చెయ్యాలో తోచలేదు.

"పిల్లలూ, షుక్ర్ అంటే ఏమిటి?"

"కృతజ్ఞత, హజ్రత్."

"సుక్ర్ అంటే?"

హాలంతా ఒక్కసారి నవ్వు. ఎవరో చెప్పారు: "తాగిన మత్తు, హజ్రత్."

"ఈ అమ్మగారు పుట్టినప్పటినుంచీ అల్లాకి సారా మత్తు సమర్పించుకుంటున్నారు" అన్నాడాయన. ఆయన గొంతులో కోపం లేదు, పాఠం చెప్పినట్టే చెప్పాడు. "ఇలాంటి నోళ్ళే మీ ఊళ్ళల్లో ఉస్తాదులు. అక్షరం మారితే అర్థం మారుతుంది. అర్థం మారిన నమాజు నమాజు కాదు. ఈవిడ నమాజులూ, ఈవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళ నమాజులూ మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాల్సిందే. ఈ కాలేజీ నా చేతుల్లో ఎందుకుండాలని అడుగుతున్న కమిటీ పెద్దలకి ఇదే నా జవాబు."

అమ్మకి ఉర్దూ మాటలు కొన్ని అందలేదు. నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వింది. "ముందరి పళ్ళు నేవు బాబూ, ఏటి సేస్తాను" అంది మైకులో. ఇంకా పెద్ద నవ్వు. ఆటోలో వచ్చేటప్పుడు నన్నడిగింది, "ఏటన్నాడే ఆయన?" అని. పక్కన కూర్చున్నావిడ, అమ్మ దగ్గర చిన్నప్పుడు చదువుకున్నావిడే, నాకంటే ముందు చెప్పేసింది.

మర్నాటినుంచి ఆడవాళ్ళు మా ఇంటికి రావడం మొదలైంది. ఓదార్చడానికి కాదు. "అయితే మా నమాజులు పోయినట్టేనా?" అని అడగడానికి. ఒకావిడ గుమ్మంలో నిలబడే, "పిన్నీ, నువ్వు నేర్పకపోయినా బాగుండును. ఏటీ రానిదానికి ఏ తప్పూ ఉండదు" అనేసి వెళ్ళిపోయింది. ఆవిడ పెళ్ళికి ముందు రాత్రి నిద్ర మానుకుని అమ్మ ఆవిడకి దుఆలు నేర్పింది.

అమ్మ మొండిది. నేర్చుకుంటానంది. పెరట్లో పీట వేసుకుని కూర్చుని నోరు సున్నాలా చుట్టి, "ష్... ష్..." అనేది. పళ్ళు లేని చిగుళ్ళ మధ్యనుంచి గాలి వచ్చేది గానీ అక్షరం వచ్చేది కాదు. గోడ మీంచి చేపల అప్ప తొంగిచూసి, "ఏటప్పా, మీ ఇంట కోళ్ళు నేవు కదా, ఎవుల్ని తోల్తన్నావు?" అంది.

"సైతాన్ని" అంది అమ్మ.

"అలగనేటి. మా ఇంట్లో ఉన్నాడు, పేకాడి వచ్చి తొంగున్నాడు. ఓపాలి ఇటొచ్చి తోల్దూ."

ఇద్దరూ నవ్వుకున్నారు. అమ్మ నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

ఎందుకంటే అప్పటికే ఆ సభలో ఎవరో ఫోనులో తీసింది ఊరంతా తిరుగుతోంది. నాజిం మనుషులు, ఇక్కడి ఆడవాళ్ళ అజ్ఞానం చూడండంటూ పంపారు. కమిటీ మనుషులు, మన తల్లిని ఎలా అవమానించాడో చూడండంటూ అదే పంపారు. ఎవరు పంపినా వినబడేది అమ్మ గొంతే. సందులో పిల్లలు ఒకణ్ణి చూసి ఒకడు "సుక్రు బాబూ!" అని అరుచుకునేవారు. బిరియానీ కొట్టువాడి ఫోనుకి అదే రింగుటోను. పాలకి వెళ్ళినప్పుడు ఆ ఫోను మోగింది. అమ్మ నా పక్కనే ఉంది. "అది నానే కదే" అంది.

తరవాత అమ్మ నమాజుకి నిలబడితే చీర కొంగు పళ్ళ మధ్య, అంటే చిగుళ్ళ మధ్య, కరిచి పట్టుకునేది. చేతులు కట్టుకునేది, వంగేది, నుదురు నేలకి ఆనించేది. పెదవి కదపదు. ఒక్క మాట జారినా తప్పవుతుందని. నమాజంటే చదవాలమ్మా, ఉత్తినే వంగితే ఎలాగ అని నేనంటే కళ్ళతోనే వద్దనేది. ఒకసారి మాత్రం కొంగు తీసి చెప్పింది: "సదివితే తప్పు. సదవకపోతే తప్పు. తప్పు సేసినా సప్పుడు సెయ్యకుండా సేస్తన్నాను."

ఆ చలికాలంలో ఆవిడ మంచం పట్టింది. నాకు ఒక్కటే దిగులు. ఈవిడ నోరు మూసుకునే వెళ్ళిపోకూడదు. ప్రాణం పోయేటప్పుడు మా వాళ్ళు కలిమా చెప్పుకుంటారు, అల్లా ఒక్కడేనని సాక్ష్యమిచ్చే మాట అది. బతుకంతా మనిషి ఎదురుచూసేది ఆ ఒక్క మాట కోసమే. దాని మొదట్లోనే ఆ అక్షరం ఉంది. అష్‌హదు. అమ్మకి అది అస్‌హదు.

నాజిం సాబు దగ్గరికి వెళ్ళాను. పెద్దాపా ఆఫీసు గదిలో తెర ఇవతల నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. సంగతంతా చెప్పాను. ఫ్యాను గాలికి తెర ఎగిరింది. ఇన్నేళ్ళలో ఆయన మొహం చూసింది అప్పుడే. మామూలు మనిషి. అలిసిపోయి ఉన్నాడు. గడ్డం మీద బిస్కెట్టు పొడి.

"మీ అమ్మగారి నమాజు సరైనదే" అన్నాడు.

నాకు సరిగ్గా వినబడలేదనుకున్నాను.

"నాలుక తిరగనివాళ్ళకి మాఫీ ఉంది. ఏ కితాబులో చూసినా ఉంది. రెండో సంవత్సరం పిల్లలకి నేనే చెప్తాను ఆ పాఠం."

"అయితే ఆ రోజు..."

"ఆ రోజు సంగతి వేరు. అది కమిటీకి చెప్పిన జవాబు."

"హజ్రత్, ఇదే మాట మైకులో ఒక్కసారి చెప్పండి. ఆవిడ వింటే చాలు. మీ మేలు మర్చిపోను."

"ఇప్పుడు చెప్తే వాళ్ళు గెలిచినట్టు అవుతుంది" అన్నాడు. "మీరు చదువు చెప్పే మనిషి, ఆలోచించండి. ఇంత పెద్ద సంస్థ ఒక ముసలావిడ కోసం తల దించకూడదు కదా. ఇంటికి వెళ్ళి నేను చెప్పానని ఆవిడకి చెప్పండి."

ఇంటికొచ్చి అమ్మ చెవి దగ్గర వంగి చెప్పాను. అమ్మా, నీ నమాజు సరైనదేనట, ఆయనే అన్నాడు. అమ్మ కళ్ళు తెరిచింది.

"మైకులో సెప్పినాడా?"

"లేదు. నాతో చెప్పాడు."

"మైకులో తీసీసి, సెవిలో ఇస్తాడేటి?" అని గోడ వైపు తిరిగిపోయింది.

టైర్ల భాయ్ దగ్గరికి వెళ్ళాను. కొన్నాళ్ళు ఈ గొడవ ఆపండి, మీరు ఆపితే ఆయన చెప్తాడు, అమ్మ ఎన్నాళ్ళో ఉండదని బతిమాలుకున్నాను. ఆయన పంచరు కుర్రాళ్ళని అవతలికి పంపి, నాకు సోడా తెప్పించాడు. మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు.

"సెల్లీ, తాళాల మీద కోర్టుకెల్తే వాయిదాలు. అల్లుడి పదవంటే ఎవుడికీ పట్టదు. జనానికి ఎక్కినాదంటే పిన్ని సంగతొక్కటే ఎక్కినాది. మనకున్న పాయింటే మీ అమ్మ. ఇప్పుడు ఒగ్గీమంటే ఎలగ?"

"ఆవిడ నోరు తెరవట్లేదు భాయ్."

"అదీ సెప్తాం. జుమ్మాలో సెప్తాం. నోరు కూడా తెరవనీకుండా సేసినాడని."

చెప్పారు కూడా.

అమ్మ పోయింది ఒక పొద్దుటిపూట. వీధిలో ఆకుకూరల బండి వెళ్తోంది. నేను ఆవిడ తలని ఒళ్ళో పెట్టుకుని కలిమా చదువుతున్నాను, వింటూ తనూ అంటుందని. ఆవిడకి తెలివి ఉంది. నా వేలు పట్టుకునే ఉంది. అమ్మా, అను, నీకు వచ్చినట్టే అను, ఆయనకి నీ భాష తెలుసు అన్నాను. తల అడ్డంగా ఊపింది. పెదవులు లోపలికి ముడుచుకుని బిగించింది, చిన్న పిల్ల చేదు మందు వద్దన్నట్టు. చేపల అప్ప కాళ్ళ దగ్గర కూర్చుని, "అనీసెయ్యప్పా, ఏదో ఒకటి అనీసెయ్యి, ఎవులూ నేరిక్కడ" అని ఏడుస్తోంది. అమ్మ అనలేదు. వేలు వదిలేసింది.

ప్రాణం పోయాక నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి తలమీదికి గుడ్డ కడతారు. శవస్నానం చేయించే ఆవిడ గుడ్డ చింపి సిద్ధం చేసుకుని వచ్చింది. కాసేపు చూసి, మడిచి పక్కన పెట్టేసింది. "దీనవసరం నేదు" అంది.

జనాజాకి రెండు పక్కల మనుషులూ వచ్చారు. నమాజు ఎవరు చదివించాలని మా సందు మొగలో వాదన పెట్టుకున్నారు. పాడె ఎండలోనే ఉంది. చివరికి పెద్దలు మధ్యలో దూరి రాజీ చేశారు. నాజిం సాబు చదివించాడు. టైర్ల భాయ్ ముందు కొమ్ము పట్టాడు. మట్టి ఇచ్చాక ఇద్దరూ కావలించుకుని గట్టిగా ఏడ్చారట. ఆడవాళ్ళం అక్కడికి వెళ్ళం, నాకు వచ్చినవాళ్ళు చెప్పారు. "మీ అమ్మ పోతూ పోతూ మన జమాత్‌ని కలిపింది, ఎంత అదృష్టవంతురాలో" అని కూడా చెప్పారు. గేటు తాళంచెవి ఒకటి కమిటీకి ఇచ్చారు. అల్లుడు అల్లుడి కుర్చీలోనే ఉన్నాడు.

నేను కాలేజీకి వెళ్ళడం మానలేదు. మానమని చాలామంది అన్నారు. మంచంలో ఉండగా అమ్మే అంది, "గుంటల్ని ఒగ్గీకు" అని. అందుకని వెళ్తున్నాను. మళ్ళీ వెళ్ళిన మొదటి రోజే, మేం బే అక్షరం దిద్దుకుంటుండగా పెట్టె పలికింది. ఆయన గొంతు. ఈ మధ్య అల్లా దగ్గరికి చేరిన మన జిల్లా తొలి ఉస్తాదు అంటూ మొదలుపెట్టాడు. నాలుక తిరగనివాళ్ళకి మాఫీ ఉందని, ఆవిడ నమాజులూ ఆవిడ నేర్పిన నమాజులూ అన్నీ సరైనవేనని, ఎవరూ ఏదీ తిరిగి కట్టుకోనక్కరలేదని, స్పష్టంగా, అక్షరం అక్షరం విడగొట్టి చెప్పాడు. ఎంత బాగా చెప్పాడో. పక్క క్లాసుల టీచర్లు పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని "సుభానల్లా, విన్నారా" అన్నారు. విన్నానన్నాను. నా మంచి కోరి వచ్చిన మనుషులు, వాళ్ళని దేవుడు చల్లగా చూడాలి.

పిల్లలకి దిద్దమని చెప్పి ఆఫీసు గదికి వెళ్ళాను. తెర ఇవతల నిలబడ్డాను. సలాం చేసి, మేలు చేశారు హజ్రత్ అన్నాను. ఆయన కూడా మంచి మాటేదో అన్నాడు.

"ఒక్క మసలా అడగాలి" అన్నాను. ధర్మసందేహాన్ని మా వాళ్ళు అలా అంటారు.

"అడగండి."

"ఆవిడ నోరు తెరిచి చదివినవన్నీ సరైనవన్నారు. మరి ఈ ఆఖరి నెలల్లో, చదివితే తప్పని నోరు కట్టేసుకుని వంగి లేచినవి? చదవని నమాజు ఎవరికీ మాఫీ లేదని మీరే చెప్తారు కదా. పోయేటప్పుడు అనకుండా ఉండిపోయిన కలిమా? అవి ఎవరి మీద ఉంటాయి?"

తెర వెనక టీ కప్పు సాసరులో పెట్టిన చప్పుడైంది. పెద్దాపా నా వైపు చూసి, చాలు అన్నట్టు కళ్ళు వాల్చింది.

"ఆవిణ్ణి మానెయ్యమని నేను చెప్పలేదే" అన్నాడాయన.

నిజమే. ఆయన చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. నేను సలాం చేసి బయటికొచ్చాను. పిల్లలు బే కింద చుక్క పెట్టడం మర్చిపోయి నా కోసం చూస్తున్నారు.